ఊరి సభలో మన మాట

మన దేశంలో చట్టసభ అనగానే మనకు ఢిల్లీలోని పార్లమెంటు గుర్తుకు వస్తుంది. బెంగళూరులోని విధానసౌధ గుర్తుకు వస్తుంది. అక్కడ జరిగే చర్చలు పత్రికలలో పెద్ద అక్షరాలతో వస్తాయి. కానీ మన ఇంటి ముందు వీధి దీపం వెలగాలా, మన కుళాయికి ఏ వేళకు నీళ్లు రావాలి, సంత ఎక్కడ జరగాలి, చెత్త ఎక్కడ వేయాలి అనే సంగతులు అక్కడ తేలవు. అవి తేలే చోటు మన ఊరిలోనే ఉంది. అదే పంచాయతీ కార్యాలయం. ఆ కార్యాలయంలో ఒక పొడవాటి బల్ల, దాని చుట్టూ కొన్ని కుర్చీలు, గోడకు గాంధీజీ, అంబేద్కర్‌ల పటాలు, బయట ఒక నోటీసు పలక ఉంటాయి. మన నిత్యజీవితాన్ని నడిపే నియమాలు చాలావరకు ఆ బల్ల చుట్టూనే పుడతాయి.

ఆ సభను గురించి నా అభిప్రాయం ఒకటి ఈ పాఠంలో మీ ముందు ఉంచుతాను. ఊరి సభకు వెళ్లడం, అక్కడి కాగితం చదవడం, అవసరమైతే లేచి మాట్లాడడం పెద్దల పనిగానో, నాయకుల పనిగానో వదిలిపెట్టకూడదు. అది ఆ ఊరిలో నివసించే ప్రతి ఒక్కరి పని. బడిలో చదివే మీకు కూడా అందులో పాలు ఉంది. ఈ మాట నేను పుస్తకాలు చదివి చెప్పడం లేదు. నా బాల్యంలో జరిగిన ఒక సంఘటన నాకు ఈ పాఠం నేర్పింది. ముందుగా అది వినండి.

నలభై ఏళ్ల కిందటి మాట. అప్పుడు నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మాది కన్నడం, తెలుగు రెండూ వినబడే ఊరు. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. మా అవ్వ బస్సులు ఆగే చోట గోనెపట్టా పరచుకొని ఎండు మిరపకాయలు, చింతపండు అమ్మేది. ఆమెతోపాటు మరో పదిమంది ఆడవాళ్లు కూరగాయలు, ఆకుకూరలు, గాజులు అమ్మేవారు. ఆ అమ్మకంతోనే మా ఇంట్లో ఉప్పుకూ నూనెకూ గడిచేది. నా నోటు పుస్తకాలు కూడా ఆ మిరపకాయల డబ్బుతో కొన్నవే.

ఒకనాడు సాయంత్రం అవ్వ ఖాళీ చేతులతో ఇంటికి వచ్చింది. గంప లేదు, తక్కెడ లేదు. పంచాయతీ వాళ్లు వచ్చి రోడ్డు మీద అమ్మకూడదని చెప్పి సామాను తీసుకుపోయారట. జరిమానా కట్టి విడిపించుకోమన్నారట. ఆ జరిమానా ఆమె రెండు రోజుల రాబడి కంటే ఎక్కువ. మరునాడు నేను ఆమె వెంట కార్యాలయానికి వెళ్లాను. అక్కడి గుమాస్తా కోపగించుకోలేదు. "నోటీసు పెట్టి పదిహేను రోజులైందమ్మా. ఎవరూ ఏమీ అనలేదు. అందుకే అమలు చేశాం" అన్నాడు. బయట పలక మీద అంటించిన కాగితం చూపించాడు.

అవ్వ నా వైపు తిరిగి, "నువ్వు రోజూ ఈ దారినే బడికి పోతావు గదా నాయనా! నీకు కన్నడం చదువు వచ్చు గదా! ఇందులో ఏముందో ఒక్కనాడైనా చూడలేదా?" అని అడిగింది.

నేను చూడలేదు. పదిహేను రోజులు ఆ కాగితం పక్కగానే నడిచి వెళ్లాను. నాకు చదువు వచ్చు, అవ్వకు రాదు. చదువు వచ్చినవాడు చదవలేదు, చదవాలనుకున్న ఆమెకు చదువు రాలేదు. ఆ ప్రశ్నకు ఆనాడు నా దగ్గర జవాబు లేదు. అందుకే అది ఇంతకాలం నాతోనే ఉండిపోయింది.

ఆ సంగతి మా అయ్యవారికి చెప్పాను. ఆయన నియమాన్ని తిట్టలేదు, పంచాయతీ వాళ్లనూ తిట్టలేదు. "అక్కడ బస్సు తిరగడానికి చోటు లేక పిల్లలు తప్పించుకోలేకపోతున్నారన్నది నిజమే. నియమం అవసరమే. అయితే అది ఎవరి మీద పడుతుందో వాళ్లను అడిగారా అన్నది ప్రశ్న. అర్జీ రాద్దాం" అన్నారు. అర్జీ ఆయన చెప్పగా నేను రాశాను. పదకొండుమంది వేలిముద్రలు వేశారు. తరువాతి సమావేశంలో వాళ్లను లోపలికి పిలిచారు. అవ్వ తనకు తెలిసిన తెలుగులోనే మాట్లాడింది. ఒక సభ్యుడు ఆమె మాటలను కన్నడంలో మిగతావారికి చెప్పాడు. "మేము బస్సుకు అడ్డం కూర్చోము. ఒక పక్కన గీత గీసి చూపండి. గీత దాటితే మీరు అడగండి. లేచేటప్పుడు మేమే ఊడ్చి వెళ్తాము" అన్నది ఆమె మాటల సారాంశం.

ఆ రోజు నియమం మారింది. రోడ్డుకు తూర్పు పక్కన సున్నంతో గీత గీశారు. మధ్యాహ్నం దాకా ఆ గీత లోపల అమ్ముకోవచ్చని తీర్మానించారు. సామాను తిరిగి ఇచ్చారు. అటుపైన ఆ గీతను కాపాడడానికి పంచాయతీ మనిషి అక్కడ నిలబడవలసిన అవసరం రాలేదు. ఎవరైనా కొత్తవాళ్లు గీత దాటి కూర్చుంటే మా అవ్వే వాళ్లను వెనక్కు జరిపేది. మొదటి నియమాన్ని జరిమానా కూడా నిలబెట్టలేకపోయింది. రెండో నియమం తనంతట తానే నిలిచింది. మొదటిది పైనుంచి వచ్చి పడినది. రెండోది తాము కూడా కలిసి చేసుకున్నది. తేడా అంతే.

"అడగనిదే అమ్మైనా పెట్టదు" అని మన సామెత. పంచాయతీ విషయంలో ఈ సామెతకు మరొక మాట కలపాలి. ఎక్కడ అడగాలో, ఎప్పుడు అడగాలో తెలియకపోతే అడిగినా ప్రయోజనం ఉండదు. అందువల్ల ఊరి సభ ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకుందాం.

రాయచూరు జిల్లాలో దేవదుర్గం ప్రాంతాన అరకేర అనే ఊరు ఉంది. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ సీమలో కన్నడం, తెలుగు, ఉర్దూ పక్కపక్కనే వినబడతాయి. 1956 వరకు ఈ ప్రాంతం హైదరాబాదు సంస్థానంలోనూ, దాని తరువాత ఏర్పడిన హైదరాబాదు రాష్ట్రంలోనూ ఉండేది. భాషా ప్రాతిపదిక మీద రాష్ట్రాలు ఏర్పడినప్పుడు మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆ రాష్ట్రానికి 1973లో కర్ణాటక అనే పేరు వచ్చింది. అరకేర వంటి ఊరిలో పాలక సభ కూర్చుంటే దాని ముందుకు ఏయే విషయాలు వస్తాయో ఊహించండి.

మొదట గత సమావేశపు నడవడిని చదివి సరిచూసుకుంటారు. తరువాత జమాఖర్చులు. ఆపైన తాగునీరు. ఏ వీధిలో గొట్టం పగిలింది, ఏ బోరుకు మోటారు కాలిపోయింది, వేసవికి ఏమి చేయాలి అనే మాటలు. ఆ తరువాత వీధి దీపాలు, మురుగు కాలువలు. ఇంటిపన్ను బాకీలు ఎంత వసూలయ్యాయి, ఎంత మిగిలాయి. కొత్త ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కోరిన దరఖాస్తులు. సంత దినాన వసూలు చేసే రుసుము. జాతర వస్తే నీళ్లు, దీపాలు, పారిశుధ్యం. బడికి ప్రహరీ గోడ, మరుగుదొడ్డి. చివరగా సభ్యులు తెచ్చిన ఇతర విషయాలు. ఈ పట్టికను కార్యసూచి అంటారు. చదివితే విసుగు పుట్టించే పట్టికే. ఇందులో యుద్ధాలు లేవు, వీరగాథలు లేవు. కానీ ఇందులో ఏ ఒక్క అంశం తప్పినా మరునాడు ఉదయం ఎవరో ఒకరి ఇంట్లో ఇబ్బంది మొదలవుతుంది.

సభ చేసే నిర్ణయాలలో రెండు రకాలున్నాయని గుర్తుంచుకోండి. ఫలానా వీధిలో దీపం వేయాలి, ఫలానా కాలువ బాగు చేయాలి అన్నది ఒక తీర్మానం. ఆ పని కాగానే దాని అవసరం తీరిపోతుంది. సంతలో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, చెత్త ఎలా వేరు చేయాలి, కుళాయి నీటిని మోటారుతో లాగవచ్చా అన్నవి అలా తీరిపోయేవి కావు. అవి రోజూ అందరికీ వర్తించే నియమాలు. ఇటువంటివాటిని చట్టానికి లోబడి చేసినప్పుడు ఉపవిధులు అంటారు. ఉపవిధి చేసేటప్పుడు సాధారణంగా ముందు చిత్తుప్రతిని ప్రకటిస్తారు. అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇస్తారు. పైవారి ఆమోదం కూడా కావలసి ఉంటుంది. ఆ గడువు అనేది ప్రజల కోసం తెరిచి ఉంచిన తలుపు. గడువు దాటిన తరువాత తలుపు తట్టడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అవుతుంది. మా అవ్వకు జరిగినది అదే.

ఈ సభలు మనకు నిన్న మొన్న వచ్చినవి కావు. తమిళనాడులోని ఉత్తరమేరూరులో దేవాలయపు గోడల మీద పదవ శతాబ్దం నాటి శాసనాలు ఉన్నాయి. చోళరాజు మొదటి పరాంతకుని కాలంలో ఆ ఊరి సభకు సభ్యులను ఎలా ఎన్నుకోవాలో వాటిలో చెక్కి ఉంచారు. పేర్లు రాసిన ఆకులను కుండలో వేసి, ఒక చిన్న పిల్లవాని చేత తీయించేవారు. ఇంతకుముందు పదవిలో ఉండి లెక్కలు అప్పగించనివాడు మళ్లీ ఆ పదవికి పనికిరాడు. వాని దగ్గరి బంధువులకు కూడా అర్హత లేదు. వెయ్యేళ్ల కిందటే లెక్క చెప్పనివాడికి పదవి లేదని రాతిమీద రాసుకున్నారంటే మనం గర్వించవచ్చు. అయితే ఆ సభలో స్త్రీలు లేరు. భూమి లేనివారు లేరు. కాబట్టి దానిని పొగడడంతో ఆగిపోకుండా, దానిలో లేనిదేమిటో కూడా చూడాలి.

ఆ లోటును పూరించడానికి స్వతంత్ర భారతం చాలాకాలం ప్రయత్నించింది. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలని మన రాజ్యాంగంలోని 40వ అధికరణం రాజ్యానికి ఆదేశమిచ్చింది. బల్వంతరాయ్ మెహతా సంఘం 1957లో మూడంచెల పంచాయతీ వ్యవస్థను సిఫారసు చేసింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్ కూడా అదే ఏడాది ఆ మార్గం పట్టింది.

ఈ విషయంలో కర్ణాటకకు ఒక ప్రత్యేక స్థానం ఉంది. రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో అబ్దుల్ నజీర్ సాబ్ పంచాయతీరాజ్ శాఖ మంత్రిగా పనిచేశారు. ఊరూరా తాగునీటి బోర్లు వేయించినందుకు జనం ఆయనను 'నీర్ సాబ్' అని పిలుచుకున్నారు. 1983లో తెచ్చిన చట్టం ప్రకారం 1987లో జిల్లా పరిషత్తులకు, మండల పంచాయతీలకు ఎన్నికలు జరిగాయి. స్త్రీలకు నాలుగోవంతు స్థానాలు కేటాయించారు. ఆనాటికి దేశంలో అది పెద్ద ముందడుగు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చినప్పుడు దేశమంతటా స్త్రీలకు మూడోవంతు స్థానాలు వచ్చాయి. షెడ్యూల్డు కులాలకు, తెగలకు జనాభాను బట్టి స్థానాలు లభించాయి. పట్టణాల కోసం 74వ సవరణ అదే ఏడాది జూన్ 1న వచ్చింది. కర్ణాటక 1993లోనే తన కొత్త పంచాయతీరాజ్ చట్టం చేసుకుంది. 2010లో స్త్రీల వాటాను సగానికి పెంచింది. మా అవ్వ అర్జీ పట్టుకొని బయట నిలబడిన గదిలో ఈనాడు ఆమె వంటి స్త్రీలు సభ్యులుగా, అధ్యక్షురాళ్లుగా కూర్చుంటున్నారు.

కర్ణాటకలో గ్రామ పంచాయతీకి సుమారు నాలుగు వందల జనాభాకు ఒక సభ్యుడు చొప్పున ఎన్నికవుతారు. ఈ ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. సభ్యులు కూర్చునే సమావేశం ఒకటి, ఊరి ఓటర్లందరూ కూర్చునే గ్రామసభ మరొకటి. ఈ రెండింటినీ ఒకటిగా భావించకండి. గ్రామసభ ఆరు నెలలకు ఒకసారైనా జరగాలి. ఓటర్లలో పదోవంతు మంది, లేదా వందమంది, ఈ రెంటిలో ఏది తక్కువైతే అంతమంది వస్తేనే అది సభ అవుతుంది. ఏ పని ముందు చేయాలి, ప్రభుత్వ సహాయం ఎవరికి అందాలి అనే విషయాలు ఆ సభ ముందుకు రావాలి. వేలాదిమంది ఉన్న ఊరిలో వందమంది వస్తే చాలునన్న నియమం మనకు ఉదారంగా కనిపించవచ్చు. కానీ ఆ వందమందిలో మన వీధివాళ్లు ఒక్కరైనా ఉన్నారా అని ఆలోచించండి.

ఇక్కడ కొందరు ఒక మాట అంటారు. "మేము ఓటు వేసి సభ్యులను ఎన్నుకున్నాము. ఇక వాళ్లే చూసుకుంటారు. ప్రతి చిన్న పనికీ మేము పోయి కూర్చుంటే మా కూలి పోతుంది." ఈ మాటలో న్యాయం ఉంది. రోజు కూలి మీద బతికేవారికి పగటిపూట సభ అంటే ఒక పూట అన్నం పోవడమే. అందుకే సభ జరిపే వేళను పనులకు అడ్డం రాకుండా పెట్టమని అడగాలి. అయితే ఓటుతోనే మన బాధ్యత తీరిపోతుందన్న మాటను నేను ఒప్పుకోను. పొలం కౌలుకిచ్చినవాడు కూడా అప్పుడప్పుడు గట్టు మీదికి వెళ్లి పైరు చూసి వస్తాడు. ఊరిని ఐదేళ్లకు అప్పగించి మళ్లీ ఆ వైపు చూడకపోవడం వివేకం కాదు. పైగా ఎంత మంచి సభ్యుడైనా అన్నీ తెలిసినవాడు కాడు. మిరపకాయలు అమ్మే ఆమెకు నీడ ఏ వేళకు ఎటు తిరుగుతుందో సభ్యునికి తెలియదు. అది ఆమె చెప్పాలి.

మరికొందరు "అక్కడికి పోయినా కొట్లాటలే గదా" అంటారు. నిజమే, కొన్ని సభలు అరుపులతో ముగుస్తాయి. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అన్నారు పెద్దలు. సభలో మాట్లాడడం కూడా ఒక విద్య. అది పుట్టుకతో రాదు. తన వంతు వచ్చేదాకా ఆగడం, మనిషిని విడిచి విషయం మీద మాట్లాడడం, ఎదుటివాని మాటలో నిజముంటే ఒప్పుకోవడం, తన కోరిక ఏమిటో రెండు వాక్యాలలో చెప్పడం నేర్చుకుంటే వస్తాయి. మా అవ్వ బడికి వెళ్లలేదు. అయినా ఆమె "మా బతుకు పాడు చేశారు" అని మొదలుపెట్టలేదు. "గీత గీసి చూపండి" అంది. ఫిర్యాదుతోపాటు పరిష్కారం కూడా తీసుకొని వెళ్లినవారి మాటను తోసివేయడం ఎవరికైనా కష్టం.

ఇక మనకు ప్రత్యేకమైన సమస్య ఒకటి ఉంది. అది భాష. మన ఇళ్లలో తెలుగు, పంచాయతీ కాగితాలలో కన్నడం. ఈ సమస్యను రెండు విధాలుగా తప్పుగా చూసేవారున్నారు. "అది మన భాష కాదు, మనకెందుకు" అని దూరంగా ఉండేవారు కొందరు. "తెలుగు చదివితే ఏం లాభం, కన్నడం ఒక్కటి చాలు" అనేవారు మరికొందరు. మొదటివారు ఊరికి పరాయివారవుతారు. రెండోవారు ఇంటికి పరాయివారవుతారు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతోంది. మనం తెలుగులో చదువుకుంటున్నది ఆ హక్కు వల్లనే. మాతృభాషలో ఆలోచించడం నేర్చుకున్నవాడు రాష్ట్ర భాషలో ఆ ఆలోచనను చక్కగా చెప్పగలడు. ఈ రెండింటికీ తగవు లేదు.

నిజానికి దూరం కూడా ఎక్కువ లేదు. మనం అర్జీ అంటే వారూ అర్జీ అంటారు. మన తీర్మానాన్ని వారు 'నిర్ణయ' అనో 'ఠరావు' అనో రాస్తారు. మన వీధి దీపం వారికి 'బీది దీప'. మన తాగునీరు 'కుడియువ నీరు'. మన మురుగు కాలువ 'చరండి'. మన పన్ను 'తెరిగె'. ఇటువంటి మాటలు ఓ ముప్పై నేర్చుకుంటే నోటీసు పలక మీది కాగితం చాలావరకు అర్థమవుతుంది. ఇంట్లో అవ్వకో, అమ్మకో చదువు రాకపోతే మీరే వాళ్లకు కళ్లు కావాలి. కాగితంలో ఉన్నది ఉన్నట్లుగా తెలుగులో చెప్పాలి. మన సొంత అభిప్రాయం అందులో కలపకూడదు. ముఖ్యమైన నోటీసులను వీధులలో అందరికీ అర్థమయ్యే భాషలో చాటించమని పంచాయతీని మర్యాదగా అడగడంలో కూడా తప్పు లేదు. నియమం తెలియకపోవడం తప్పించుకొనే దారి కాదని చట్టం అంటుంది. అలాంటప్పుడు దానిని తెలియజేయడం నియమం చేసినవారి ధర్మం.

కాగితం పలక మీద లేకపోతే ఏమి చేయాలి? 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఈ ప్రశ్నకు జవాబు ఇస్తుంది. పంచాయతీ తీర్మానాలు, జమాఖర్చుల వివరాలు కావాలని పౌరులు అర్జీ పెట్టవచ్చు. సాధారణంగా ముప్పై రోజులలోపల జవాబు ఇవ్వాలి. ఎందుకు అడుగుతున్నావని అర్జీదారును ప్రశ్నించే వీలు లేదు. లెక్క చెప్పనివాడికి పదవి లేదన్న ఉత్తరమేరూరు నియమం మన కాలంలో ఇలా కొత్త రూపంలో వచ్చిందని భావించవచ్చు.

"మాకు ఇంకా ఓటు లేదు గదా, మేమేమి చేస్తాము?" అని మీరు అడగవచ్చు. స్విట్జర్లాండులో గ్లారుస్ అనే చిన్న రాష్ట్రం ఉంది. అక్కడి పౌరులు ఏటా ఒకసారి బయలు ప్రదేశంలో సమావేశమై, చేతులెత్తి తమ చట్టాలను నిర్ణయించుకుంటారు. ఎవరైనా వేదిక ఎక్కి తమ మాట చెప్పవచ్చు. 2007లో అటువంటి సభలోనే ఓటు వయస్సును పదహారేళ్లకు తగ్గించారు. మన దేశంలో ఓటుకు పద్దెనిమిదేళ్లు నిండాలి. అయినా మాట్లాడడానికి అంతకాలం ఆగనవసరం లేదు. కర్ణాటకలో పంచాయతీలు 'మక్కళ గ్రామసభ' అనే పేరుతో పిల్లల గ్రామసభలు జరిపే పద్ధతి ఉంది. బడిలో నీళ్లు లేకపోవడం, బడికి వచ్చే దారిలో దీపాలు లేకపోవడం, ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేకపోవడం వంటి విషయాలను పిల్లలే అక్కడ చెప్పవచ్చు. మీ ఊరిలో ఆ సభ ఎప్పుడు జరుగుతుందో మీ ఉపాధ్యాయులను అడగండి. జరగకపోతే జరపమని మీ తరగతి తరఫున అర్జీ రాయండి.

అలా వెళ్లినప్పుడు ఒక సంగతి మరచిపోవద్దు. సభలో అడిగినదంతా జరగదు. పంచాయతీ సొమ్ము కొద్ది, అవసరాలు ఎక్కువ. మీ బడి గోడా, పై వీధి బోరూ ఒకేసారి వచ్చినప్పుడు బోరు ముందు అనిపిస్తే మీరు కూడా ఒప్పుకోవలసి వస్తుంది. ఓడిపోయిన అర్జీ వృథా కాదు. అది నడవడి పుస్తకంలో ఉంటుంది. వచ్చే సమావేశంలో దానిని మళ్లీ చూపవచ్చు. ఇంటిపన్ను కట్టకుండా దీపం వెలగలేదని తిట్టడం కూడా న్యాయం కాదు. అడిగే హక్కు ఉన్నవారికి ఇచ్చే బాధ్యత కూడా ఉంటుంది. మా అవ్వ గీత అడిగింది. దానితోపాటు చీపురు కూడా పట్టింది.

విద్యార్థులారా! అరకేరలో ఉన్నా, రాయచూరులో ఉన్నా, మరెక్కడ ఉన్నా మీ ఊరిలో ఒక పాలక సభ ఉంది. దాని ముందు ఒక నోటీసు పలక ఉంది. ఈ వారం బడికి వెళ్లేటప్పుడు దాని దగ్గర రెండు నిమిషాలు ఆగండి. అక్కడ అంటించిన కాగితం చదవండి. తేదీ చూడండి, అభ్యంతరాలకు గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి. అది ఎవరి బతుకును తాకుతుందో ఆలోచించి, వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పండి. ఇంతకంటే పెద్ద దేశసేవ మీ వయస్సులో మరొకటి ఉందని నేను అనుకోను.

మా అవ్వ ఇప్పుడు లేదు. నేను ఎం.ఏ. చదివాను, ఎన్నో పుస్తకాలు చదివాను. అయినా ఏ ఊరికి వెళ్లినా పంచాయతీ కార్యాలయం ముందు ఆగి ఆ పలక మీదిది చదవకుండా కదలలేను. "ఒక్కనాడైనా చూడలేదా?" అని ఆమె అడిగిన ప్రశ్న నన్ను అక్కడ నిలబెడుతుంది. ఆ ప్రశ్న మిమ్మల్ని మీ ఇంట్లో ఎవరూ అడగవలసిన అవసరం రాకూడదన్నదే నా కోరిక.